ఉప్పూకారం చల్లిన కీరా ముక్క గారికి

కీరా ముక్క గారూ, నమస్కారం.

నేను అలిపిరి నుంచి నడిచి తిరుమల కొండెక్కే మామూలు భక్తుణ్ణి. మోకాళ్లు తప్ప మిగతావన్నీ బాగానే పనిచేస్తాయి. 3,550 మెట్లలో ఎక్కడ ఆగినా మీరే కనబడుతుంటే ఇక ఉండబట్టలేక రాస్తున్నా.

మీతో పుణ్యం చవగ్గా వస్తుందని మావాళ్ల నమ్మకం. దారిలో జంతువులకు తిండి పెట్టొద్దని టీటీడీ 2023లోనే చెప్పింది కదా, అయినా మీరు ఇంటి నుంచే స్టీలు డబ్బాలో దర్జాగా బయల్దేరి వస్తున్నారు. మొన్న ఏడో మైలు దగ్గర ఒకాయన భుజాన పాపను ఎక్కించుకుని, కంచె సందులోంచి మిమ్మల్ని చుక్కల దుప్పి మూతికి ఆనించాడు. అది వాసన చూసి, తుమ్మి, అడుగు వెనక్కేసింది. ఈయన వదల్లేదు. ‘తిను బంగారూ’ అని బతిమాలుతూ ఇంకో చేత్తో వీడియో.

కోతుల సంగతి వేరే చెప్పాలా? కవరు చప్పుడు వినబడితే చాలు, బ్యాగు ఎవరిదైనా వాటిదే. ఎదురు తిరిగితే కరుస్తాయి, ఆ తర్వాత మీ పుణ్యం రేబిస్ సూదుల లెక్కలోకి పోతుంది.

మీ వెనకే ఎవరొస్తారో తెలుసా? తిండి అలవాటైన జింక లోపలి అడవి వదిలి మెట్ల పక్కకు చేరుతుంది, మనం పారేసిన ఎంగిలి విస్తళ్లకు కుక్కలూ పందులూ వస్తాయి, వాటి కోసం చిరుత వస్తుంది. 2023 ఆగస్టులో ఈ దారిలోనే ఆరేళ్ల పాపను చిరుత చంపేసింది. ఇక్కడ నాకు వెటకారం రావడం లేదు, ఏమనుకోకండి.

ఆ తర్వాతే పన్నెండేళ్ల లోపు పిల్లల్ని మధ్యాహ్నం రెండు దాటాక నడకదారిలోకి పంపకూడదన్నారు, గుంపుగా వెళ్లమన్నారు, చేతికి కర్రలూ ఇచ్చారు. కర్ర సరే, చిరుత ఎదురైతే పరిగెత్తకూడదనీ, పిల్లల్ని ఎత్తుకుని దాన్నే చూస్తూ గట్టిగా అరుస్తూ మెల్లగా వెనక్కి జరగాలనీ ఎంతమందికి గుర్తుంటుంది? సెల్ఫీకి ఏ యాంగిల్ బాగుంటుందో మాత్రం అందరికీ తెలుసు.

ఇంతకీ మొన్న జరిగింది పూర్తిగా చెప్పనేలేదు. భుజం మీది పాప వంగి, ‘దానికి కారం మండుతోంది నాన్నా, నాకియ్యి’ అని మిమ్మల్ని లాక్కుని నోట్లో వేసుకుంది. దుప్పి చెట్లలోకి వెళ్లిపోయింది. వీడియో పాడైందని ఆయన ఒకటే గొణుగుడు.

ఇట్లు,
మోకాళ్ల పర్వతం దగ్గర కూలబడి ఆయాసపడుతున్న ఒక భక్తుడు