చైనా సింబల్ గారికి ఒక బేస్ గిటారు వాడి విన్నపం

మహారాజశ్రీ చైనా సింబల్ గారి సముఖానికి,

ఉభయకుశలోపరి. ఇక్కడ నా ఎడమ చెవి తప్ప అందరం క్షేమం.

కర్రతో కొడితే మోగే కంచు పళ్లెం తమరు. మా డ్రమ్మర్ కుడి పక్కన, లయ నడిపే రైడ్ అనే సింబల్‌కి కాస్త పైన కొలువుదీరి ఉంటారు. స్టేజీ మీద నాకు రాసిపెట్టిన చోటు సరిగ్గా తమరి అంచు ఎదురుగా. బ్యాండ్ పచ్చగా ఉండాలని ఇన్నాళ్లూ నోరు మెదపలేదు. మొన్న రిహార్సల్లో మావాడు ఒక మెలోడీ పాట రెండో చరణంలో, అమ్మాయి నిద్రపోతోందని గాయకుడు పాడుతున్న చోట, తమరిని మోగించాడు. అందుకే ఈ ఉత్తరం.

డ్రమ్ సెట్టు మీద తమరి సహోద్యోగులందరిదీ టర్కీ వంశం. నున్నటి వంపు, నడిమధ్య గుండ్రటి బొడిపె, పద్ధతిగా కిందికి వాలిన అంచు. ఆ వంశంలో సింబల్స్ చేసే జిల్జియన్ల ఇంటివాళ్లు 1623 నుంచి లెక్క చెబుతారు. తమరికి ఆ మర్యాదలేవీ పట్టవు. బొడిపె నిలువు గోడలతో, నెత్తిన చదునుగా ఉంటుంది. ఒళ్లంతా బుద్ధిగా కిందికి దిగుతూ వచ్చి, అంచు దగ్గర మాత్రం మనసు మార్చుకుని పైకి తిరుగుతుంది. పోనీ లోహం వేరా అంటే, మంచి రకం అయితే ఇద్దరిదీ ఒకటే: రాగి 80 పాళ్లు, తగరం 20 పాళ్లు. అచ్చమైన కంచు. కంచు మోగినట్టు కనకం మోగదన్న పెద్దలు తమరిని విని ఉంటే కంచులోనే రెండు తరగతులు పెట్టి ఉండేవాళ్లు.

ఇక తమరి గొంతు. క్రాష్ అనే సింబల్ మీద కొడితే శబ్దం విచ్చుకుని, కాసేపు గాల్లో నిలబడి, మెల్లగా సెలవు తీసుకుంటుంది. తమరు అలా కాదు. ఉన్నదంతా ఒక్కసారే మీద పడేస్తారు, అంతే తొందరగా గొంతు మూసుకుంటారు. పేరుకి శ్రుతి ఉండదు. సింబల్ అన్నాక రేకులో పుట్టే కంపనాలకి ఒకదానితో ఒకటి పొంతన ఉండదని నాకూ తెలుసు. సన్నటి రేకు మీద గట్టి దెబ్బ పడితే, కింది స్థాయి కంపనాల్లో ఉన్న శక్తి కళ్లు మూసి తెరిచేలోగా పై స్థాయిలకి పాకి, మొత్తం ఒక హోరుగా మారుతుందనీ చదివాను. అయితే మిగతావాళ్లు ఆ హోరుకి పైన కాస్త మెరుపు అద్దుతారు, తమరు అదీ అద్దరు. వీధిలో వాళ్లకి పెళ్లి వంటల దగ్గర గంగాళం మూత జారిపడినట్టు వినిపిస్తుంది. డ్రమ్మర్లేమో 'ఆహా, ఎంత ట్రాషీగా ఉంది' అని కళ్లు మూసుకుని తల ఊపుతారు. నా గిటారులోంచి అలాంటి శబ్దం వస్తే రిపేరు షాపుకి పంపిస్తాం.

ఒక్క విషయంలో తమరి మీద జాలి ఉంది. తమరిని చాలామంది తలకిందులుగా బిగిస్తారు. మామూలుగా పెడితే పైకి లేచిన అంచు మొనే మొదట స్టిక్‌కి తగులుతుంది, కొద్ది పాటల్లోనే కర్ర పీచులు పీచులవుతుంది. బోర్లించి పెడితే మడత దగ్గరి నున్నటి భుజం మీద దెబ్బ పడుతుంది. కర్ర బతుకుతుంది, శబ్దమూ కాస్త నిండుగా వస్తుంది. సింబల్స్ చేసే పైస్తే కంపెనీ నోవో చైనా అని బొడిపెనే తిరగేసి తయారుచేసింది. అంచు కిందికి ఉన్నా బొడిపె మాత్రం పైకి చూస్తుంది. ఒక వస్తువుని తలకిందులుగా తప్ప వాడలేకపోతున్నామని తెలిసి, తలకిందులు చేసే తయారుచెయ్యడం నాకు తెలిసి ఇదొక్కటే.

తమరి పుట్టింట్లో తమరికి ఇలాంటి గతి లేదు. పెకింగ్ ఆపెరా అనే పాటల నాటకంలో తమరి వాళ్లు జంటగా, చేతుల్లో ఉంటారు. ఆ వాద్యబృందానికి పెద్ద, బాంగు అనే చిన్న డోలు వాయించే ఆయన. ఆయన చెయ్యి కదిలితే పెద్ద గాంగు, చిన్న గాంగు, తాళాలు కలిసి ఒక వరస వాయిస్తాయి. ఆ వరసలకి పేర్లున్నాయి, పనులున్నాయి: సేనాపతి రంగప్రవేశం, కత్తియుద్ధం, మాట మధ్య విరుపు. మన భజనల్లో తాళాలు పట్టుకున్నవాడికి కూడా ఆ మాత్రం క్రమశిక్షణ ఉంటుంది, ఎక్కడ వెయ్యాలో తెలిసే వేస్తాడు. సింహనృత్యంలో అయితే రోజంతా మోగుతారు, ఒప్పుకుంటాను. అది ఆరుబయట. మా రిహార్సల్ రూము పదడుగుల గది.

ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అమెరికాలో ఒక్కడే కూర్చుని నాలుగు వాద్యాలు వాయించే పద్ధతి వచ్చినప్పుడు, బొమ్మలు వేసిన చైనా టామ్‌టామ్‌తో, టెంపుల్ బ్లాకులనే చెక్క వాద్యాలతో పాటు తమరూ ఆ సెట్టులో చేరారు. డ్రమ్ సెట్టుకి తమరు పాత కాపే, కొత్తగా చొరబడినవాళ్లు కాదు. తర్వాత డ్రమ్మర్ మెల్ లూయిస్ లాంటి మహానుభావుడు దొరికాడు. 1966 నుంచి న్యూయార్క్‌లో విలేజ్ వాన్‌గార్డ్ అనే క్లబ్బులో సోమవారం రాత్రుళ్లు వాయించిన పెద్ద జాజ్ బ్యాండ్ ఆయనది, థాడ్ జోన్స్‌ది. ఆయన తమరి దూరపు చుట్టం స్విష్ అనే సింబల్ మీద, రివెట్లు గుచ్చినదాని మీద, రైడ్ వాయించినట్టు మెత్తగా వాయించేవాడు. అంతమంది ట్రంపెట్ల, శాక్సోఫోన్ల కింద అది పరుపులా పరుచుకునేది. అంటే తమరికి మెల్లగా మాట్లాడటం వచ్చు. మా ఊళ్లో ఎందుకు మర్చిపోయారు?

కెనడా బ్యాండ్ రష్‌లో డ్రమ్మర్ నీల్ పియర్ట్ ఏళ్ల తరబడి మిగతావన్నీ జిల్జియన్ వాయిస్తూ, తమరి విషయానికి వచ్చేసరికి చైనాలోని ఊహాన్‌లో సుత్తితో కొట్టి చేసిన అసలు సరుకే పెట్టుకున్నాడు. మావాడు ఈ ఒక్క ముక్క పట్టుకున్నాడు. పైగా ఊహాన్ సరుకు పెద్ద కంపెనీల చైనా కన్నా బాగా చవక. ఇంట్లో చెప్పడానికి అంతకన్నా ఏం కావాలి? పియర్ట్ ఎక్కడ ఆపాడన్నది మాత్రం మావాడి లెక్కలోకి రాలేదు.

ఆ తర్వాత మెటల్ వాళ్లు వచ్చారు. పాట నడక సగానికి తగ్గి, గిటార్లు బరువుగా దిగే చోట, ప్రతి బీటుకీ తమరినే బాదుతారు. ఆ సంగీతంలో అది సరే, అక్కడ గోడ పగలాలి. తమరు ఠక్కున ఆగిపోతారు కాబట్టే దెబ్బకీ దెబ్బకీ మధ్య సందు మిగులుతుంది. క్రాష్‌తో అదే పని చేస్తే అంతా ఒక ముద్దవుతుంది. తమరి గొప్పంతా ఈ తొందరగా చచ్చిపోవడంలోనే ఉందని నా అభిప్రాయం. మావాడికి అది అర్థమయ్యే దారి కనపడదు. తమరు ఆగగానే పాట ఖాళీ అయిపోయిందని కంగారుపడి మళ్లీ కొడతాడు.

మా సౌండ్ ఇంజనీర్ గోడు కూడా విన్నవించుకోమన్నాడు. తమరికి విడిగా మైకు పెట్టలేదు, అక్కర్లేదు కూడా. స్నేర్ డ్రమ్ మైకులోనూ, టామ్ డ్రమ్ముల మైకుల్లోనూ, గాయకుడి మైకులోనూ తమరే ఉంటారు. పైన వేలాడే రెండు మైకుల్ని తగ్గిస్తే తమరితో పాటు మిగతా సింబల్స్ అన్నీ, స్నేర్ మీది గాలీ పోతాయి. ఆ రికార్డింగులో నా బేస్ వినాలంటే తమరు ఊపిరి తీసుకునేదాకా ఆగాలి.

కోరేది ఎక్కువేం కాదు. పాటకి ఒక్కసారి మోగండి. ఎక్కడన్నది తమరి ఇష్టం, చివరి పల్లవికి ముందైతే నేనే చప్పట్లు కొడతాను. మెలోడీ పాటలకి సెలవు పెట్టండి. పద్దెనిమిది అంగుళాల తమరి పక్కన ఇరవై అంగుళాల మరొకరిని కూడా తెస్తానని మావాడు అంటున్నాడు. ఆ సంబంధం మాత్రం చెడగొట్టండి.

ఇట్లు,
తమరి అంచుకి ఎదురుగా నిలబడే,
బేస్ గిటారు వాడు

తా.క.: స్టాండు మీద తమరిని పట్టి ఉంచే మరని (వింగ్ నట్) మావాడు మరీ బిగించేస్తున్నాడు. కొట్టినప్పుడు ఊగడానికి చోటు లేకపోతే తమరి లాంటి సన్నటివాళ్లు మడత దగ్గరే చిట్లుతారట. నిన్న టార్చి వేసి చూస్తే అక్కడ వెంట్రుక వాసి గీత ఒకటి కనిపించింది. మావాడికి ఇంకా చెప్పలేదు. తొందరేముంది.