తప్పు ప్లగ్గుదే

మా కారు లీటరుకు 12 ఇస్తోంది. కొన్న కొత్తలో 17 ఇచ్చేది. ఫుల్ ట్యాంకు నుంచి ఫుల్ ట్యాంకుకు మూడుసార్లు లెక్క కట్టాను, మూడుసార్లూ 12 దగ్గరే ఆగింది. ఇక ఎవరో ఒకరిని దోషిగా తేల్చక తప్పలేదు.

మొదటి అనుమానం పెట్రోలు మీద. అందులో 20 శాతం ఇథనాల్ కలుపుతున్నారు, లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి పెట్రోలు కన్నా దాదాపు మూడో వంతు తక్కువ, మైలేజీ కాస్త తగ్గడం మామూలే. కానీ దేశమంతా పోసుకుంటున్న పెట్రోలుతో హన్మకొండలో నేనొక్కణ్నే ఏం కొట్లాడను? రెండోది ఫాతిమానగర్ బ్రిడ్జి. దాని మీద ఫస్ట్ గేరులో నేను గడిపిన సాయంత్రాలు కలిపితే ఒక సెలవు మంజూరు చేయొచ్చు. అయినా బ్రిడ్జిని విప్పి కొత్తది బిగించలేం కదా. మూడోది, పాల ప్యాకెట్ కోసం కిలోమీటరు దూరానికి ఏసీ వేసుకుని, ఇంజన్ వేడెక్కకముందే తిరిగొచ్చే డ్రైవరు. ఆ డ్రైవరు నేనే కాబట్టి ఆ కోణంలో దర్యాప్తు అక్కడితో ఆపేశాను.

ఇక మిగిలింది స్పార్క్ ప్లగ్గు. వేలెడంత ఉంటుంది, నోరు లేదు, అడిగే దిక్కు లేదు. పెళ్లిలో బగారన్నం మాడితే వండినోళ్లను వదిలేసి వడ్డించే పిలగాడిని తిడతాం కదా, అదే న్యాయం ఇక్కడా. ఇంజన్ నిమిషానికి 3000 చుట్లు తిరిగితే ఒక్కో ప్లగ్గు 1500 సార్లు మంట అంటించాలి. అంత పని చేసేవాడు ఎక్కడో ఒకచోట తప్పు చేసే ఉంటాడు, మన ఆఫీసుల్లో నియమం కూడా ఇదే.

ఏ ప్లగ్గు వేయాలనే దాని మీద ఇంట్లో కమిటీ కూర్చుంది. పక్కింటి రిటైర్డ్ లెక్చరర్ గారు రాగి ప్లగ్గే వేయమన్నారు, ప్లగ్గుల్లో వాడే లోహాల్లో రాగిని మించిన విద్యుత్ వాహకం లేదన్నారు. నిజమే, కానీ ఆ ప్లగ్గులో రాగి లోపల దాక్కుంటుంది, మంటకు ఎదురునిలిచే కొన మాత్రం నికెల్‌ది. కరీంనగర్ నుంచి వచ్చిన మా బామ్మర్ది "బావా, ఇరిడియం వెయ్, బండి గాలిల తేలుతది" అన్నాడు. ఇరిడియం అంటే ప్లగ్గు కొనకు వాడే ఖరీదైన లోహం. ప్లగ్గు తన వేడిని ఎంత త్వరగా వదిలించుకుంటుందో చెప్పే హీట్ నంబరు దగ్గర కమిటీ చీలిపోయింది. ఎన్‌జీకే కంపెనీ వాళ్లకు అంకె పెరిగితే ప్లగ్గు చల్లనిది, బాష్ కంపెనీ వాళ్లకు అంకె పెరిగితే వేడిది. కారు పుస్తకంలో ఏ నంబరు ఉందో చూద్దామని మా ఆవిడ అంది గానీ, కమిటీ నడుస్తుండగా పుస్తకం తెరవడం సంప్రదాయం కాదు.

మెకానిక్ పాత ప్లగ్గులు నాలుగూ విప్పి వరసగా పెట్టాడు. "సార్, ఇవి మంచిగనే ఉన్నయ్ గదా" అన్నాడు. నల్లగా మసి పడితే పెట్రోలు ఎక్కువ పోతున్నట్టో, ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయినట్టో. జిడ్డుగా ఉంటే ఇంజన్ ఆయిల్ పైకి ఎక్కుతున్నట్టు. తెల్లగా మాడితే వేడి ఎక్కువైనట్టు. ఇవేమో నాలుగూ ఉస్మానియా బిస్కెట్ రంగులో ఉన్నాయి, అంటే పూర్తి ఆరోగ్యం. నాకు ఒళ్లు మండింది. మెకానిక్ అన్నవాడు నా వైపు ఉండాలి గానీ ముద్దాయి తరఫున వాదిస్తాడా?

ఇరిడియమే కొన్నాను. మామూలు ప్లగ్గుకు నాలుగైదు రెట్ల ధర. మేడారంలో మనం బెల్లాన్ని బంగారం అంటాం గానీ, కొట్టాయన దీన్ని అంతకన్నా భక్తిగా నా చేతిలో పెట్టాడు. కరగాలంటే 2400 డిగ్రీలు దాటాలి, అందుకే కొనను సూదిలా సన్నగా చేసినా అరగదు, లక్ష కిలోమీటర్ల దాకా నడుస్తుంది. అంటే దానికిచ్చే డబ్బంతా ఎక్కువకాలం బతికినందుకు. మైలేజీ పెంచుతానని ఆ ప్లగ్గు నాకు ఎప్పుడూ మాటివ్వలేదు, ఇచ్చింది మా బామ్మర్ది.

మళ్లీ ట్యాంకు నింపి లెక్క కట్టాను. 12.

ఆ ఆదివారం మడికొండ దాకా వెళ్లొచ్చి కారు ఆపగానే, మా బాపు దిగి, ఏదో బర్రెను చూసినట్టు చుట్టూ తిరిగి, వెనక చక్రం దగ్గర చెయ్యి పెట్టి చటుక్కున తీశాడు. "ఇది పొయ్యి లెక్క కాలుతాందేందిరా? టైర్లల్ల గాలి సూసినవా ఎన్నడన్న?" హ్యాండ్‌బ్రేకు కేబుల్ ఇరుక్కుపోయి బ్రేకు పట్టేసి ఉంది. ఎన్నాళ్ల నుంచో తెలియదు, బ్రేకు వేసుకునే ఊరంతా తిరిగాను. గాలి 33 ఉండాల్సిన చోట 21 ఉంది. కేబుల్‌కు, గాలికి కలిపి అయిన ఖర్చు ఒక్క ఇరిడియం ప్లగ్గంత కూడా లేదు.

ఇప్పుడు 16 ఇస్తోంది. మొన్న సుబేదారిలో పెళ్లికి పోతే ఒకాయన "అన్నా, మైలేజ్ ఎట్ల పెంచినవ్?" అని అడిగాడు. బాపు పక్కనే కూర్చుని తింటున్నాడు. గొంతు కొంచెం తగ్గించి, ఇరిడియం అని చెప్పాను.