నార్నియా బీరువా గారికి, హన్మకొండ నుంచి

మహారాజశ్రీ చెక్క బీరువా గారి సముఖమునకు,

హన్మకొండ నుంచి ఓ పాఠకురాలు నమస్కరించి వ్రాయు విన్నపములు. ఇక్కడ మేమంతా క్షేమం. అంటే, ఆదివారం మధ్యాహ్నం దాకా.

సి.ఎస్. లూయిస్ గారి పిల్లల నవలల్లో నార్నియా అనే మాయాలోకానికి దారి తమరే. తమరి వంశం మాకు తెలియనిది కాదు. నార్నియా ఆపిల్ గింజ లండన్ పెరట్లో మొలిచి, చెట్టై, గాలివానకు కూలితే తమరయ్యారు. 1950లో వచ్చిన పుస్తకంలో తలుపు తెరిచారు. కోట్ల మధ్య నుంచి మంచులోకి నడిచిన చిన్నపిల్ల లూసీ వెనకాలే నేనూ వచ్చాను, ఓరుగల్లు ఎండల్లో, కూలర్‌లో నీళ్లయిపోయినా లేవకుండా. నార్నియా ప్రభువైన సింహం మరొకరి తప్పుకు తాను చావడానికొస్తే, రాతిబల్ల మీద దాని జూలు గొరిగిన చోట ఏడ్చాను. సిలువ కథేనని తెలిసే ఏడ్చాను.

ఈ సెలవుల్లో మా బిడ్డకు ఏడు పుస్తకాలూ చదివి వినిపిస్తున్నాను. "దేవుడు గీవుడు ఏం లేదత్తమ్మా, ఉత్త సింహం కథ" అని మా అత్తమ్మకు మాటిచ్చాను కూడా. ఆ మాట 1956 నాటి ఆఖరి పుస్తకంలో కూలిపోయింది.

నార్నియాకు శత్రువులైన కాలోర్మెన్ వాళ్ల ఊరు వెల్లుల్లి, ఉల్లి వాసన కొడుతుందన్నప్పుడే నాకు అర్థం కావాల్సింది. ఎల్లిపాయ కారం లేనిది మా ఇంట్లో ముద్ద దిగదు. లిప్‌స్టిక్, నైలాన్ మేజోళ్ల మీద మనసు పడ్డందుకు పాపం లూసీ అక్క సూసన్‌ను స్వర్గం వాకిట్లోనే ఆపేశారు. ఆ లెక్కన మాఘమాసం పెళ్లిళ్లలో మా వాళ్లెవరికీ మోక్షం లేదనుకుని పేజీ తిప్పాను.

ఎమెత్ దగ్గర మాత్రం తిప్పలేకపోయాను. చిన్నప్పటి నుంచి తమ దేవుడు టాష్‌ను నిజాయితీగా కొలిచిన కాలోర్మెన్ పిల్లవాడు. కొట్టం తలుపు దాటితే (అదీ తలుపే, తమరి చుట్టమే) ఎదురుగా సింహం. నువ్వు టాష్‌కు చేసిన సేవంతా నాకే జమ అంటుంది. లూయిస్ గారు పెద్దమనసుతోనే రాశారని ఒప్పుకుంటాను. బయటికి గెంటెయ్యొచ్చు, గెంటలేదు.

మా బిడ్డ పుస్తకం మీద చెయ్యి పెట్టింది. "అమ్మా, మేడారంల నా ఎత్తు బెల్లం ఇచ్చినం గదా. మరి అది ఎవలకు ముట్టింది?"

బీరువా గారూ, ఆ బెల్లం నేను మోసిన. జాతర రద్దీల, దుమ్ముల, నెత్తి మీద పెట్టుకొని గద్దె దాక మోసిన. ఇచ్చింది సమ్మక్కకు. రసీదు సింహం పేరు మీద రాసుకుంటరా? ఒక్కమాట అడగకుండ? ఆమె ఎవలనుకున్నరు? కరువుల కప్పం కట్టమని కాకతీయుల సైన్యమొస్తే కొట్లాడి, చిలుకలగుట్టల మాయమైన తల్లి. పక్కనున్న ఓరుగల్లుకే కట్టలే. సముద్రం అవుతలి సింహానికి కడుతదా?

పోనీ, లెక్క ఇటునుంచి రాద్దాం. మీరు సింహానికి మొక్కిన మొక్కులన్నీ మా సమ్మక్క ఖాతల పడ్డయి. ఎట్లుంది వినడానికి? టాష్‌కు నాలుగు చేతులని అంత భయపెట్టిండు గదా లూయిస్ సారు, మా భద్రకాళికి ఎనిమిది. వచ్చి చూసుకోండ్రి.

బిడ్డకైతే నేనేం చెప్పలే. "సమ్మక్కకే ముట్టింది, పండుకో" అన్న. ఆమె పండుకున్నంక మా ఇనుప బీరువా తీసి, పట్టుచీరల ఎనక చెయ్యి పెట్టి చూసిన. లూసీకి లెక్కనే రెండు కలరా ఉండలు కిందపడ్డయి. మంచు లేదు. తలుపైతే దగ్గరికేసిన గని పూర్తిగ మూయలే.

ఇట్లు,
ఎల్లిపాయ వాసన గల పాఠకురాలు