గర్భసంచి తీసేసే ముందు

‘గడ్డలు పెద్దవైపోయాయి, గర్భసంచి తీసేస్తే సరి.’ ఇంకా పిల్లలు పుట్టని అమ్మాయికి డాక్టర్ చెప్పే ఈ మాట ఎంత టెన్షన్ పెడుతుందో చెప్పనక్కర్లేదు. ‘ఉంచితే క్యాన్సర్ అవుతుంది’ అని కూడా అంటే ఇంట్లోవాళ్లు వెంటనే సంతకం పెట్టేస్తారు. గర్భసంచిలో వచ్చే ఈ గడ్డలు, అంటే ఫైబ్రాయిడ్లు, దాదాపు ఎప్పుడూ క్యాన్సర్ గడ్డలు కావు. ఆ సంగతి సంతకానికి ముందే చెప్పాలి.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల మహిళల్లో గర్భసంచి తీయించుకున్నవారు దేశంలో 3.3 శాతం. తెలంగాణలో 8.2, ఆంధ్రప్రదేశ్‌లో 8.7. అన్నిటికీ గడ్డలే కారణం కాదు. అయినా ఈ అంకెలు మమ్మల్ని కలవరపెడుతున్నాయి.

పొట్ట అయిదో నెల గర్భిణిలా కనిపించేంత గడ్డ ఉన్నా, చాలామందికి గర్భసంచిని ఉంచి గడ్డను మాత్రమే తీయవచ్చు. దీన్ని మయోమెక్టమీ అంటారు. బ్రిటన్‌లో విక్టర్ బానీ అనే సర్జన్ దాదాపు వందేళ్ల కిందటే ఒకే గర్భసంచి నుంచి 200కు పైగా గడ్డలు తీశారు. గడ్డల వల్లే ఆయన భార్య గర్భసంచి పోయింది, వాళ్లకు పిల్లలు లేరు. ఆ బాధ తెలిసిన మనిషి చేసిన పని అది.

మయోమెక్టమీలో అసలు భయం రక్తస్రావం. అందుకే ముందే ఐరన్ ఎక్కించి రక్తహీనత తగ్గిస్తారు, ఎమ్మారైలో గడ్డలు ఎక్కడున్నాయో చూసుకుంటారు. ఆపరేషన్‌లో రక్తనాళాలను బిగించే వాసోప్రెసిన్ ఇంజెక్షన్ ఇస్తారు, అవసరమైతే గర్భసంచి కింది భాగాన్ని రబ్బరు ట్యూబుతో బిగించి రక్తం రాకను తగ్గిస్తారు. గడ్డ తీసిన చోట పొరలు పొరలుగా కుట్లు వేస్తారు. ఆ కుట్టు గట్టిగా పడితేనే రేపటి కాన్పుకు భరోసా.

ఇబ్బందులూ ఉన్నాయి. గడ్డలు మళ్లీ రావచ్చు. గర్భం కోసం కొన్ని నెలలు ఆగాలి, చాలామందికి సిజేరియన్ తప్పదు. రక్తం ఆగకపోతే, అరుదుగానే అయినా, గర్భసంచి తీయాల్సి రావచ్చు. అవన్నీ విన్నాక నిర్ణయం ఆమెది. భర్తదో అత్తగారిదో కాదు.

హైదరాబాద్‌లో డబ్బున్నవాళ్లు బంజారాహిల్స్‌లో ఇంకో డాక్టర్‌కు చూపించుకుంటారు. పేట్లబురుజు, సుల్తాన్‌బజార్ ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రుల క్యూలో నిలబడే ఆమెకూ ఆ అవకాశం ఉండాలి. అనవసరంగా గర్భసంచులు తీయకుండా కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలు చేయాలని సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్‌లోనే రాష్ట్రాలను ఆదేశించింది. తెలంగాణ ప్రభుత్వం మొదట ఒక పని చేయాలి: పిల్లలు కావాలనుకునే మహిళకు మయోమెక్టమీ గురించి చెప్పామని, తెలుగులోనో ఉర్దూలోనో, సమ్మతి పత్రంలో రాయనిదే ఏ ఆసుపత్రిలోనూ గడ్డల పేరుతో గర్భసంచి తీయకూడదని ఆదేశించాలి.