కంబాలకొండ జింకలకు మేత: డబ్బు ఎక్కడ పెట్టాలి?

జింకల కోసం అడవి అంచున మేత మడులు పెంచుదామనే ఆలోచన వెనక మనసు మంచిదే, కానీ అమెరికా వీడియోలు చూసి ఆ పద్ధతిని విశాఖలో అలాగే దించేస్తే మేలు కంటే నష్టమే ఎక్కువ. అక్కడ సొంత భూమిలో మట్టి పరీక్ష చేయించి, సున్నం చల్లి, క్లోవర్, ఓట్స్, టర్నిప్ లాంటివి వేస్తారు. తెల్లతోక జింకలు మేతకొస్తాయి, సీజన్‌లో వేట కూడా చాలాచోట్ల అక్కడే. మన దగ్గర 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం జింకను వేటాడటమే నేరం. మనకు కావాల్సింది జింకను అడవి లోపలే ఉంచే మేత.

విశాఖను ఆనుకుని ఉన్న కంబాలకొండ అభయారణ్యం సుమారు 70 చదరపు కిలోమీటర్లు. ఒక పక్క హైవే, ఎండాడ, మధురవాడ వైపు పెరిగిపోతున్న ఇళ్లు. అంచున పచ్చగా ఉలవో అలసందో మొలిపిస్తే చుక్కల దుప్పులు వస్తాయి, వాటి మీద వీధి కుక్కలు పడతాయి, చిరుత కూడా అటే వస్తుంది. పశువులతో కలిసి మేస్తే గాలికుంటు వ్యాధి అంటుకునే ప్రమాదం వేరే. (దారిలో బండి ఆపి బిస్కెట్లు విసిరేవాళ్లు దయచేసి మానండి.)

అసలు శత్రువు లంటానా, అంటే బయటి నుంచి వచ్చి అడవిని కమ్మేసే ముళ్ల పొద. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను ఈ ఊళ్లో, కొండల మీద ఎన్ని చెట్లు కూల్చిందో చూశాం కదా, అలా చెట్టు కూలి ఎండ పడిన నేలను ముందు ఆక్రమించేది ఇలాంటి పొదలే. లంటానా ఆకు పశువుల కాలేయాన్ని దెబ్బతీస్తుంది, కింద గడ్డిని మొలవనివ్వదు, ఎండితే మంటను చెట్ల మీదికి ఎక్కిస్తుంది. పైపైన నరికితే ఇంకా గుబురుగా లేస్తుంది. అందుకే నేలకు కొన్ని సెంటీమీటర్ల కింద తల్లివేరును నరికి, మొక్కను తలకిందులుగా పెట్టాలి, అదీ కాయ పండకముందే. పిట్టలు ఆ పండ్లు తిని చెట్ల కింద గింజలు రాలుస్తాయి కాబట్టి, తర్వాత రెండు మూడేళ్లు అక్కడ మొలకలు పీకుతూనే ఉండాలి.

పొద తీసిన చోట జూన్ తొలి వానలకు అదే కొండ మీద ఏరిన గడ్డి విత్తనం చల్లి, పైపైన గీరితే చాలు. దున్నితే అక్టోబరు తుఫాను వానలకు వాలు మట్టంతా కొట్టుకుపోతుంది. చుక్కల దుప్పికి లేత, పొట్టి గడ్డి ఇష్టం, ముదిరిన దాన్ని ముట్టదు, కాబట్టి వంతులవారీగా కోయాలి. కణుజు (సాంబర్ జింక) ఆకులు, రెమ్మలు కూడా బాగా తింటుంది. దానికి నేరేడు, ఉసిరి, మేడి లాంటి చెట్లు చాలు. గడ్డి చల్లిన చోట ఒక చిన్న చదరానికి ఇనుప వల చుట్టి వదిలేయండి, లోపలి గడ్డికీ బయటి గడ్డికీ తేడా చూస్తే జింకలు ఎంత మేస్తున్నాయో తెలిసిపోతుంది.

ఇదంతా అటవీ శాఖ అనుమతితో, వాళ్ల పర్యవేక్షణలోనే జరగాలి, ఎవరికి వారు విత్తన బంతులు విసిరితే కాదు.

ఇక డబ్బు. మొక్క నాటితే ఫొటో, లెక్క రెండూ వస్తాయి కనుక విరాళమంతా నాటడానికే పోతుంది, ఆఖరికి గడ్డి మిగిలిన ఖాళీల్లో కూడా మొక్కలు గుచ్చేసి నీడ చేస్తున్నారు. సీఎస్ఆర్ (సామాజిక బాధ్యత) నిధులు ఇచ్చే కంపెనీలు ఈసారి లక్ష మొక్కల లెక్క వదిలేసి, పక్క ఊళ్ల కూలీలకు మూడేళ్ల పాటు లంటానా తీసే, మొలకలు పీకే పనికి జీతం ఇవ్వాలి.