లెక్కల పుస్తకం తగలబెడతారా?

భూమి మీద ఏ మూల ఎంత కార్బన్ డయాక్సైడ్ ఉందో పైనుంచి చూసి చెప్పే రెండు పరికరాలకు మంగళం పాడేందుకు ప్లాన్ సిద్ధం చేయాలని 2025లో నాసా ఉద్యోగులకు ఆదేశాలు అందాయట. ఆ ప్లాన్ అమలైతే, వాటిలో ఒకటైన ఓసీఓ-2 ఉపగ్రహాన్ని కిందికి దించి వాతావరణంలోనే కాల్చేస్తారు. అంతరిక్ష కేంద్రానికి బిగించిన ఓసీఓ-3ని ఆపేస్తారు. పోనీ చెడిపోయాయా అంటే, అదీ లేదు. వీటి డేటా చాలా నాణ్యంగా ఉందని, కనీసం మూడేళ్లు కొనసాగించాలని 2023లో నాసా సమీక్షే తేల్చింది.

అసలు గడువు ఎప్పుడో తీరిందని, అధ్యక్షుడు ట్రంప్ బడ్జెట్ ప్రాధాన్యాలకు తగ్గట్టు నడుచుకోవాలని నాసా అంది. సరే, డబ్బు సంగతే చూద్దాం. రెండింటికీ పెట్టింది సుమారు 75 కోట్ల డాలర్లు. ఏటా నడపడానికి అయ్యేది కోటిన్నర. కరెంటు బిల్లు దండగని ఇల్లే కూలగొట్టుకుంటారా ఎవరైనా?

ఇవి ఊరికే వచ్చినవి కావు. 2009 ఫిబ్రవరిలో మొదటి ఓసీఓని పంపితే రాకెట్ కొనమీద తొడుగు విడిపోలేదు. ఆ బరువుతో కక్ష్య అందక అంటార్కిటికా దగ్గర సముద్రం పాలైంది. మళ్లీ తయారుచేసి 2014 జులైలో ఓసీఓ-2గా పంపారు. నేలను తాకి పైకి తిరిగొచ్చే ఎండలో కార్బన్ డయాక్సైడ్ ఎంత మింగేసిందో చూసి ఇది లెక్క కడుతుంది. ఒక్కో బొగ్గు విద్యుత్ కేంద్రం వదిలే పొగను కూడా ఈ డేటాతో అంచనా వేయొచ్చని 2017లోనే తేలింది. ఆకుల్లోంచి వచ్చే సన్నటి మెరుపును బట్టి పైరు ఏపుగా ఉందో, వాడుతోందో కూడా చెబుతుంది. అమెరికా వ్యవసాయ శాఖే దీన్ని వాడుకుంటోంది. వాళ్ల రైతు కోసమైనా ఉంచుకోవాలనిపించలేదా?

మొదటి ఓసీఓ మునిగిన ఆ ఏడాదే డిసెంబర్‌లో కోపెన్‌హాగన్‌లో జరిగింది గుర్తు చేసుకోండి. మీ ఉద్గారాల లెక్క చూపండి, బయటివాళ్లను సరిచూడనివ్వండి అని చైనా, భారత్‌ల మీద ఒత్తిడి తెచ్చింది ఎవరు? ఇదే అమెరికా. అప్పుడు లెక్క చూపమన్నవాళ్లు ఇప్పుడు లెక్కల పుస్తకాన్నే తగలబెడతామంటున్నారు. కళ్లు మూసుకుని పాలు తాగే పిల్లిని చూశాం గానీ, ఇంటిల్లిపాది కళ్లూ మూయించే పిల్లిని ఇప్పుడే చూస్తున్నాం. రేపు వేరే ఏ దేశమైనా మా లెక్క మీకెందుకు అంటే వాషింగ్టన్ ఏ మొహం పెట్టుకుని అడుగుతుంది?

మీథేన్ లీకులను పట్టే మీథేన్‌శాట్ ఉపగ్రహం 2025 జూన్ 20న మూగబోయింది. అది ప్రమాదం. ఇది కావాలని చేస్తున్న పని. అప్పటికి ఓసీఓలకు 2025 సెప్టెంబర్ 30 దాకానే నిధులున్నాయి, ఆ తర్వాత సంగతి అమెరికా కాంగ్రెస్ చేతిలో పడింది.

ఇక మన ఢిల్లీ. 2025 జులై 30న ఇదే నాసాతో కలిసి శ్రీహరికోట నుంచి భూమిని గమనించే నైసార్ ఉపగ్రహాన్ని పంపి చప్పట్లు కొట్టుకున్నాం. మంచిదే. కానీ ఓసీఓల విషయంలో ఒక్క మాటైనా మాట్లాడారా? పర్యావరణాన్ని, వాతావరణాన్ని కనిపెట్టడానికి జీ20 పేరుతో ఉపగ్రహం పంపుదామని 2023 సెప్టెంబర్‌లో ప్రధాని మోదీయే ప్రతిపాదించారు.  2025 ఆగస్టు నాటికి కూడా ఆ ఉపగ్రహం ఎగరలేదు.