కామెర్ల పసరు గారికి ఒక మనవి

మహారాజశ్రీ కామెర్ల పసరు గారికి,

ఉభయకుశలోపరి అని రాద్దామంటే మా లివర్ల సంగతి ఇంకా తేలలేదు. మీరు మాత్రం క్షేమమే. ఆదివారం పొద్దున్నే పరగడుపున మీ అరుగు ముందు నిలబడే లైనే చెబుతోంది. ఆకు పేరు బయటికి చెబితే మహత్తు పోతుందట కాబట్టి అది అడగను.

లివర్‌ను వాపెక్కించి కామెర్లు తెచ్చే హెపటైటిస్ వైరస్‌లలో ఏ (A), ఈ (E) రకాలు మురికి నీళ్లతో వస్తాయి, చాలామందికి కొన్ని వారాల్లో వాటంతటవే పోతాయి. ఆ కొన్ని వారాలూ మేం ఉప్పూ నూనే లేని మజ్జిగన్నం తింటూ మీకు దణ్ణం పెడుతుంటాం. పని లివరుది, పేరు మీది. హెపటైటిస్ ఈ (E) సోకి గర్భిణి ప్రాణం మీదికి వస్తే మాత్రం అది మీ పద్దులోకి ఎక్కదు. పథ్యం తప్పిందంటారు.

నా బెంగ హెపటైటిస్ బీ (B), సీ (C)ల గురించి. చాలామందిలో అవి కళ్లకు పచ్చ రంగు పూయకుండా ఏళ్ల తరబడి కిమ్మనకుండా ఉండి, లివర్ గట్టిపడి పాడైపోయే సిర్రోసిస్ దగ్గరో ఎక్కడో బయటపడతాయి. ముందే పట్టుకోవాలంటే రక్తపరీక్షే. 2018 జులై 28న మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద పరీక్షలూ మందులూ ఉచితం. సీ అయితే చాలామందికి 12 వారాల మాత్రలతో నయమవుతుంది. అయినా క్యాంపులో సిస్టరమ్మ పిలిస్తే "నా కళ్లు పచ్చగా లేవు కదమ్మా, నాకెందుకు?" అంటారు. ఈ పాఠం మీ బడిలోదే.

కామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనిపిస్తుందంటారు. మీకేమో పచ్చగా కనిపించినవాడల్లా గిరాకీ. పాడేరు, అరకు వైపు సికిల్ సెల్ ఉన్న పిల్లల కళ్లూ పచ్చబడతాయి. దానికి కారణం వైరస్ కాదు. అమ్మా నాన్నా ఇద్దరి నుంచీ వచ్చిన జన్యువు వల్ల ఎర్రకణాలు కొడవలిలా వంగి, తొందరగా చితికిపోతుంటాయి. వాడి కంట్లో పసరు పోసి, మణికట్టు మీద చురక పెడితే కణం నిటారు అవుతుందా? గిరిజన ప్రాంతాల్లో 40 ఏళ్ల లోపువాళ్లు 7 కోట్ల మందికి పరీక్షలు చేయాలని 2023లో కేంద్రం లక్ష్యం పెట్టుకుంది కూడా.

సైన్సు మిమ్మల్ని చిన్నచూపు చూసిందనకండి. బీ వైరస్‌ను కనిపెట్టి నోబెల్ అందుకున్న బ్లూంబర్గే మద్రాసు వైద్యులతో కలిసి నేల ఉసిరిని పరీక్షించి 1988లో ఫలితాలు ప్రకటించారు. అప్పుడు ఆశ పుట్టింది. తర్వాతి పరీక్షల్లో అది నిలబడలేదు.

చివరిగా ఒకటి. జనం ఎలాగూ మీ దగ్గరికే వస్తున్నారు. సిస్టరమ్మకు మీ అరుగు మీద ఒక కుర్చీ వేయించండి. ముందు రక్తపరీక్ష సూది, తర్వాతే పసరు. దక్షిణ మొత్తం మీరే ఉంచుకోండి, ఆవిడ అడగదు.

ఇట్లు,
మీ పథ్యపు మజ్జిగన్నం తిన్న ఒకడు